ప్లేగు చట్టమును ప్రజల ప్రాణరక్షణయు

బొంబాయిలో మన తెలుగువారి పూర్వ నివాసములలో కామాఠిపురము ప్రసిద్ధమైనది. తెలంగాణమునుండి ఇండ్ల నిర్మాణపు పనులకై వలస వచ్చిన కామాఠీల పేరే ఆ పేటకు నిలిచినది. ఇట్టి శ్రామికజనముతో క్రిక్కిరిసిన ఆ నగరమున, 1896 సెప్టెంబరులో, మాండవి ప్రాంతమందు డాక్టరు అకాసియో వీగాస్ ప్లేగు వ్యాధిని గుర్తించెను. వేలకొలది జనులు స్వగ్రామములకు పరుగెత్తిరి.

వ్యాధికంటె వైద్యశాలకే పేదలు ఎక్కువ భయపడిరి. అక్టోబరులో మిల్లు కూలీలు ఆర్థర్ రోడ్డు వైద్యశాలపై దాడి చేసిరి. దీనిని మూఢత్వమని త్రోసివేయుట సులభము. కన్నతల్లిని ఎచ్చటికి కొనిపోవుచున్నారో, ఆమె తిరిగి వచ్చునో రాదో చెప్పు నాథుడు లేనప్పుడు ఎవరు మాత్రము నమ్ముదురు?

1897 ఫిబ్రవరి 4వ తేదీన అంటువ్యాధుల చట్టము వెలువడినది. మా కచేరీ ఉద్యోగములో ఎన్నియో చట్టములను నకలు వ్రాసితిమి గాని, ఇంత చిన్న కాగితములో ఇంత అధికారమును ఇమిడ్చినది మరియొకటి మాకు కనబడలేదు. మొత్తము నాలుగు సెక్షనులు. మొదటిది పేరు. రెండవది, ప్రభుత్వమునకు అవసరమని తోచిన నిబంధనలు చేయు అధికారము. మూడవది, ధిక్కరించినవారికి శిక్ష. నాల్గవది, సదుద్దేశముతో పనిచేసినవారిపై దావా చెల్లదనుట. అధికారికి రక్షణ కలదు. ఇల్లు సోదా చేయబడినవానికి ఒక్క వాక్యమైనను లేదు.

ఆ యేటనే పూనాలో రాండు దొర కమిటీ సోల్జరులను ఇండ్లలోనికి పంపి సోదాలు చేయించెను. జూన్ 22న చాపేకర్ సోదరుల తుపాకి గుండు ఆయనను పడగొట్టినది. అదే పూనాలో సావిత్రీబాయి ఫులే రోగులకు సేవ చేయుచు మార్చి 10న ప్లేగునకే బలియైనది. బలప్రయోగము తప్ప గత్యంతరము లేదనువారు ఆ తల్లిని తలచుకొనవలెను.

హాఫ్‌కిన్ పండితుడు తాను కనిపెట్టిన ప్లేగు టీకాను 1897 జనవరి 10న మొదట తన శరీరమునకే వేయించుకొనెను. అయినను 1902 అక్టోబరులో పంజాబునందలి ముల్కోవాల్ గ్రామమున ఒకే సీసాలోని టీకా పొందిన 19 మంది ధనుర్వాతముతో మరణించిరి. నింద హాఫ్‌కినుపై పడి, 1907లో గాని తొలగలేదు. సీసా తెరచిన చోటనే కల్మషము చేరెనని పండితులు వాదించిరి. ప్రాణరక్షణ హక్కనగా మందు దొరకుట మాత్రమే కాదు. మందు వేయు చేతి శుచిత్వము కూడ అందులోనిదే.

1966 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక, తన 12వ అధికరణమున, అంటువ్యాధుల నివారణను ఆరోగ్యపు హక్కులో చేర్చినది. 1979లో భారతదేశమును అందు చేరినది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు మాత్రము మన ప్రభుత్వములు బయటికి తీసినది ఆ 1897 నాటి చట్టమునే. వైద్యసిబ్బందిపై దాడి చేయువారిని శిక్షించు నిబంధనలు ఆ యేడు అందు చేరినవి, అవి అవసరమే. రోగియు, వాని ఇంటివారును ఏమి కోరవచ్చునో తెలుపు సెక్షను మాత్రము చేరలేదు.