విమాన ప్రమాదాలు - కారణాలు

ప్రయాణానికై మొదటి వ్యక్తి విమానం ఎక్కినప్పటి నుండి చివరి వ్యక్తి దిగే వరకు, ఆ విమానం నడపడం వలన ప్రాణనష్టం, తీవ్రగాయం లేదా విమానానికి పెద్ద నష్టం జరిగితే దానిని విమాన ప్రమాదం అంటారు. ప్రమాదం గాలిలోనే జరుగుతుందనుకోవడం సరికాదు. 2021 ఫిబ్రవరి 20న దోహా నుండి 64 మంది ప్రయాణికులతో విజయవాడ సమీపంలోని గన్నవరం విమానాశ్రయానికి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం క్షేమంగానే దిగినది. ఆ తరువాత నిలుపు స్థలానికి వెళుతుండగా దాని రెక్క ఒక విద్యుద్దీప స్తంభానికి తగిలినది. ఎవరికీ ప్రాణాపాయం కలుగలేదు. ఉయ్యూరు, గుడివాడ, మచిలీపట్నం ప్రాంతాల వారు విమానయానానికి వినియోగించేది ఈ విమానాశ్రయమే.

దర్యాప్తు

1944 నాటి చికాగో ఒప్పందపు 13వ అనుబంధం ప్రకారం దర్యాప్తు ఉద్దేశ్యం మరొక ప్రమాదాన్ని నివారించడమే గాని, తప్పు ఎవరిదో తేల్చడం కాదు. భారతదేశంలో ఇందుకై విమాన ప్రమాద దర్యాప్తు సంస్థ 2012లో ఏర్పడినది. దర్యాప్తుకు ముఖ్యాధారం బ్లాక్ బాక్సులు. వీటి రంగు నలుపు కాదు, నారింజ. ఒకటి విమాన వేగం, ఎత్తు, యంత్రాల స్థితి వంటి వివరాలను, మరొకటి కాక్‌పిట్‌లోని మాటలను నమోదు చేస్తుంది.

తొలి వార్తలను బట్టి కారణం నిర్ణయించడం తగదు. 2025 జూన్ 12న అహ్మదాబాదులో కూలిన ఎయిర్ ఇండియా విమానంలోని 242 మందిలో ఒక్కరే బ్రతికారు. నేలమీది వారితో కలిపి 260 మంది మరణించారు. విమానం లేచిన కొద్ది సెకండ్లకే రెండు ఇంజన్ల ఇంధన స్విచ్చులు ఆపివేసే స్థానానికి మారాయని జూలైలో వెలువడిన ప్రాథమిక నివేదిక తెలిపినది. అవి ఎందుకు మారాయో ఆ నివేదిక నిర్ధారించలేదు.

మంగళూరు, కోజికోడ్

ప్రమాదానికి ఒకే కారణం ఉండడం అరుదు. చిన్న లోపాలు అనేకం ఒకే సమయంలో కలిసినప్పుడే ప్రమాదం జరుగుతుంది. దీనికి మన దేశంలో మంగళూరు కంటే మంచి ఉదాహరణ లేదు.

2010 మే 22న దుబాయి నుండి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో రన్‌వే దాటి లోయలో పడినది. 166 మందిలో 158 మంది మరణించారు, 8 మంది బ్రతికారు. ఆ రన్‌వే కొండను చదును చేసి కట్టినది, చివరన లోయ ఉన్నది. ప్రయాణంలో చాలాసేపు కెప్టెన్ నిద్రించాడని, నిద్రమత్తు పూర్తిగా వదలక ముందే విమానాన్ని దించవలసి వచ్చినదని విచారణలో తేలినది. విమానం ఉండవలసిన దాని కంటే ఎక్కువ ఎత్తులో వస్తున్నదని గమనించిన సహ పైలట్, దిగవద్దని, తిరిగి పైకి లేపమని మూడు మార్లు చెప్పాడు. కెప్టెన్ వినలేదు. 8,033 అడుగుల రన్‌వేపై సుమారు 5,200 అడుగులు దాటిన తరువాత చక్రాలు నేలను తాకాయి. వేగం తగ్గించడం ప్రారంభించిన తరువాత మళ్ళీ పైకి లేపబోవడం చివరి పొరపాటు.

పదేళ్ళ తరువాత, 2020 ఆగస్టు 7న, ఇంచుమించు ఇదే కథ కోజికోడ్‌లో జరిగినది. అదే సంస్థ, దుబాయి నుండే, కొండ మీది రన్‌వే. అయితే ఇక్కడ వర్షం, వెనుక గాలి తోడయ్యాయి. కెప్టెన్ వైపు అద్దం తుడిచే వైపరు పనిచేయలేదు. 8,858 అడుగుల రన్‌వేపై 4,438 అడుగుల వద్ద విమానం నేలను తాకినది. ఇక్కడ కూడా రెండవ పైలట్ తిరిగి పైకి లేపమన్నాడు. 190 మందిలో పైలట్లు ఇద్దరితో సహా 21 మంది మరణించారు.

రన్‌వే చివర విమానం బరువుకు చితికి, చక్రాలను పట్టి ఆపే మెత్తని దిమ్మెల ఏర్పాటు అవసరమని మంగళూరు విచారణ సూచించినది. 2020 నాటికి కోజికోడ్‌లో అది లేదు. పాఠం తెలియక కాదు, తెలిసీ అమలు కాకపోవడం వలననే ఈ రెండవ ప్రమాదంలో నష్టం పెరిగినదనే విమర్శకు బలం ఉన్నది.

1977 మార్చి 27న టెనరీఫ్‌లో రెండు జంబో విమానాలు రన్‌వేపై ఢీకొని 583 మంది మరణించిన తరువాత, సిబ్బంది ఒకరినొకరు ప్రశ్నించుకొనే సమన్వయ శిక్షణ ప్రపంచమంతటా వ్యాపించినది. పెద్దవారి మాటకు ఎదురు చెప్పరాదని నేర్పే మన సమాజంలో ఈ శిక్షణ అవసరం మరింత ఎక్కువ.

గాలిలో ఢీకొనడం

1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ వద్ద సౌదీ, కజకిస్తాన్ విమానాలు ఢీకొని 349 మంది మరణించారు. కజకిస్తాన్ విమానం తనకు కేటాయించిన 15,000 అడుగుల ఎత్తు కంటే క్రిందికి దిగినది. 14,000 అడుగుల వద్ద సౌదీ విమానం ఎదురుగా వస్తున్నది. ఆనాడు ఢిల్లీకి వచ్చే, పోయే విమానాలకు ఒకే మార్గం ఉండేది. తరువాత మార్గాలను వేరు చేశారు, ఎదురుగా వచ్చే విమానాన్ని గుర్తించి హెచ్చరించే పరికరాన్ని తప్పనిసరి చేశారు.

వాతావరణం, పక్షులు

శీతాకాలపు ఉదయాలలో పొగమంచు వలన గన్నవరం విమానాలు ఆలస్యం కావడం ప్రయాణికులకు అనుభవమే. నేల సరిగా కనిపించనపుడు దిగకపోవడమే క్షేమం. ప్రయాణికుల విమానం కాకపోయినా, 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి.బాలయోగి మరణించిన హెలికాప్టరు ప్రమాదం డెల్టాలోనే, అప్పటి కృష్ణా జిల్లా కైకలూరు సమీపాన జరిగినది. హెలికాప్టరు కొబ్బరిచెట్టును తాకి చేపల చెరువులో పడినది.

విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు తక్కువ ఎత్తులో ఉంటుంది గనుక పక్షులు తగిలేది ఎక్కువగా అప్పుడే. 2009 జనవరి 15న న్యూయార్కులో అడవి బాతులు రెండు ఇంజన్లలోను పడగా, పైలట్ విమానాన్ని హడ్సన్ నదిపై దించి మొత్తం 155 మందిని కాపాడాడు. కోళ్ళ వ్యర్థాలు, మాంసపు తుక్కు పడవేసిన చోట గద్దలు, కాకులు మూగుతాయి. అందుకే 1937 విమానయాన నిబంధనలలోని 91వ నిబంధన విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల పరిధిలో బయట జంతువులను కోయడాన్ని, చెత్త వేయడాన్ని నిషేధించినది. గన్నవరం చుట్టూ ఉన్న అనేక పల్లెలు ఈ పరిధిలోనివే.