ఆవిడ అడిగిన మూడు చిన్న సౌకర్యాలు

నా సిద్ధాంత గ్రంథంలో కృతజ్ఞతలకి రెండున్నర పేజీలు కేటాయించుకున్నాను. పర్యవేక్షకులు, గ్రంథాలయాల సిబ్బంది, పాత పత్రికల కట్టలు అటక మీంచి దింపి ఇచ్చిన ఇద్దరు రచయిత్రులు, అమ్మ, అత్తగారు, హాస్టల్ స్నేహితురాళ్ళు, అందరూ ఉన్నారు. టైపు చేసినావిడ లేదు. అందంగా అక్షరబద్ధం చేసినందుకు అంటూ డి.టి.పి. షాపు పేరు మాత్రం వేశాను. ఆ షాపు ఆవిడది కాదు.

2014 వేసవి అంతా నేను ఆ షాపులోనే గడిపాను. విద్యానగర్‌లో, మేడమెట్ల కింద చిన్న గది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, తిరగని ఫ్యాను. గోడ మీద 'కరెక్షన్లు ఉచితం' అని బోర్డు. ఆ బోర్డు అర్థం నాకు అప్పుడు తట్టలేదు. పేజీకి ఇంత అని యజమాని నా దగ్గర తీసుకునేవాడు, అందులో కొంత ఆవిడకి ఇచ్చేవాడు. మొదటిసారి కొట్టిన పేజీకే లెక్క. తర్వాత ఆ పేజీని ఎన్నిసార్లు దిద్దినా లెక్కలో లేదు. అంటే ఉచితంగా ఇస్తున్నది యజమాని కాదు, ఆవిడ.

ఆవిడ నల్గొండ వైపునుంచి వచ్చింది. తెలుగు టైపు లోయరూ హయ్యరూ పాసై, పెళ్ళై, ఇద్దరు పిల్లల తర్వాత మళ్ళీ మీటల దగ్గరికి చేరింది. నేను అక్కా అనేదాన్ని. ఆవిడ నన్ను మేడమ్ అనేది. ఆ తేడా కూడా నాకు అప్పుడు తట్టలేదు.

ఆ రోజుల్లో మన తెలుగు డి.టి.పి. ఎలా పనిచేసేదో కొంచెం చెప్పాలి. లేకపోతే ఆవిడ అడిగినదాని విలువ తెలీదు. ఆ ఫాంట్లలో కంప్యూటర్‌కి తెలుగు రాదు. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ ఉండాల్సిన గూళ్ళలో తలకట్లూ గుడులూ వత్తులూ ముక్కలు ముక్కలుగా పెట్టి ఉంటాయి. తెర మీద మనకి 'అమ్మ' కనిపిస్తుంది, యంత్రానికి మాత్రం అది నాలుగు పిచ్చి ఇంగ్లీషు గుర్తులు. అందుకే ఫాంటు మారిస్తే తెలుగు మాయమై డాలర్లూ కుండలీకరణాలూ బయటపడేవి. ఒక మాట వెతుకుదామంటే వెతికే గడిలో తెలుగు కనిపించదు. పైగా ఒకే అక్షరాన్ని ముక్కలు పేర్చే వరుస మార్చి రెండు రకాలుగా కొట్టొచ్చు. కంటికి రెండూ ఒకటే, యంత్రానికి వేర్వేరు. ఒక రకంగా కొట్టిన మాట దొరుకుతుంది, ఇంకో రకంగా కొట్టింది దొరకదు.

సరిగ్గా ఆ పరిస్థితుల్లో, గ్రంథం సమర్పించడానికి పది రోజుల ముందు, నేనొక సైద్ధాంతిక నిర్ణయం తీసుకున్నాను. గ్రంథం పొడవునా వాడిన 'మహిళావాదం' అన్న మాట తీసేసి 'స్త్రీవాదం' అని పెట్టాలి. ఎందుకు పెట్టాలో నాలుగు పేజీల వివరణ కూడా రాశాను. చాలా మంచి వివరణ అది, ఇప్పటికీ ఒప్పుకుంటాను. మూడు వందల పేజీల్లో ఆ మాట ఎక్కడెక్కడ ఉందో కళ్ళతో వెతికి ఒక్కొక్కటీ మార్చింది మాత్రం ఆవిడ. మూడు రాత్రులు. ఉచితంగా. స్త్రీల అదృశ్య శ్రమ మీద ఒక అధ్యాయం ఉన్న గ్రంథం కోసం!

మూడో రాత్రి, పని ముగిశాక, డ్రాయరులోంచి ఒక నోటుపుస్తకం తీసింది. చివరి పేజీలో మూడు అంకెలు వేసి రాసుకుంది. ఒకటి, తెలుగు మాట తెలుగులోనే కొట్టి వెతికితే, ఎట్లా కొట్టినదైనా దొరకాలి. రెండు, పుస్తకాల పట్టిక ఒక్క మీటతో అకారాది క్రమంలోకి రావాలి. (నా ఉపయుక్త గ్రంథసూచిని ఆవిడ చీటీలు చించి, నేలమీద పరిచి, అ నుంచి హ దాకా పేర్చి మళ్ళీ కొట్టింది. యంత్రాన్ని వరస పెట్టమంటే అది ఇంగ్లీషు వరసలో పెట్టేది.) మూడు, ఒక పేజీలో ఎన్ని చోట్ల దిద్దామో అదే లెక్కపెట్టి చూపాలి.

"అమ్మెటాయన వొచ్చినప్పుడు అడిగిన మేడమ్. టైపు కొట్టేటోళ్ళకు ఇయ్యన్నీ ఎందుకమ్మా, ఇంతవరకు ఎవ్వరు అడగలేదు అన్నడు. మీరు సదువుకున్నోళ్ళు గద, ఆ కంపెనీకి ఒక ఉత్తరం రాసియ్యరాదు?"

రాస్తానన్నాను. రాయలేదు.

'ఎవరూ అడగలేదు' అన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. ఉద్యోగంలో చేరాక, పాఠాల మధ్య తీరిక దొరికినప్పుడల్లా, రాత యంత్రాల చరిత్ర చదవడం మొదలుపెట్టాను. నిజంగానే ఎవరూ అడగలేదా?

మొట్టమొదట దొరికిన మనిషి బెట్ నెస్మిత్ గ్రాహమ్. పదిహేడేళ్ళకే బడి మానేసి, విడాకుల తర్వాత కొడుకుని ఒంటరిగా పెంచుతూ, టెక్సాస్ రాష్ట్రంలో డల్లాస్‌లోని ఒక బ్యాంకులో సెక్రటరీగా పనిచేసింది. 1950లలో కొత్త ఎలక్ట్రిక్ టైపురైటర్లు వచ్చాయి. వాటి కార్బన్ రిబ్బన్‌తో పడిన అక్షరాన్ని రబ్బరుతో తుడిస్తే చెరగదు, మసిబారి కాగితం పాడవుతుంది. ఒక్క తప్పుకి పేజీ మొత్తం మళ్ళీ కొట్టాలి. బొమ్మలు వేసేవాళ్ళు తప్పు తుడవరు, దానిమీద మళ్ళీ రంగు వేస్తారు కదా అని ఆమెకి తట్టింది. తెల్ల టెంపెరా రంగు సీసాలో పోసి సన్న కుంచెతో ఆఫీసుకి తీసుకెళ్ళింది. పక్క సెక్రటరీలు మాకూ కావాలన్నారు. 1956 నాటికి 'మిస్టేక్ ఔట్' పేరుతో సొంతంగా అమ్ముతోంది. సీసాలు నింపడానికి కొడుకూ అతని స్నేహితులూ సాయం. ఉద్యోగం చేస్తున్న చోట ఒక ఉత్తరం మీద పొరపాటున తన కంపెనీ పేరు టైపు చేసినందుకు 1958లో ఉద్యోగం పోయింది. తప్పులు కప్పే మందు కనిపెట్టినామెని ఒక తప్పు కోసం తీసేశారు! 1979లో ఆ కంపెనీని 4 కోట్ల 75 లక్షల డాలర్లకి అమ్మింది, మరుసటేడే చనిపోయింది. మన ఆఫీసుల్లో వైట్‌నర్ అంటామే, దాని వెనక ఉన్న కథ ఇది.

ఇది చదివినప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. మండలాఫీసులో టైపిస్టుగా చేసేటప్పుడు, మూడు కార్బన్లు పెట్టి కొడితే, ఒక్క తప్పుకి నాలుగు కాగితాల మీదా విడివిడిగా రబ్బరు పెట్టాలట. బ్లేడుతో అక్షరం గీకడంలో అమ్మని మించినవాళ్ళు లేరని ఇప్పటికీ చెప్పుకుంటుంది. అది నైపుణ్యమని ఏ సర్వీసు రిజిస్టరులోనూ రాయలేదు.

రెండో మనిషి ఎవెలిన్ బెరెజిన్. 1925లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పుట్టింది. భౌతికశాస్త్రం చదివి కంప్యూటర్ల రూపకల్పనలోకి వచ్చింది. యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కి టికెట్ల రిజర్వేషన్ వ్యవస్థ రూపొందించింది. అంతకుముందు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కి తీసుకున్నారు. కారణం, అక్కడ బేరాలు చేసే మగవాళ్ళ బూతులు ఆడవాళ్ళు వినదగ్గవి కావట! 1969లో ఆమె రెడాక్ట్రాన్ అనే సొంత కంపెనీ పెట్టింది. 1971లో 'డేటా సెక్రటరీ' బయటికొచ్చింది. చిన్న ఫ్రిజ్ అంత యంత్రం, దానికి తెర లేదు. టైపు చేసింది గుర్తుపెట్టుకుంటుంది, తప్పులు దిద్దాక మొత్తం తనే మళ్ళీ కొట్టి ఇస్తుంది. అంతకుముందు 1964లో ఐ.బి.ఎం. టేపు మీద దాచే టైపురైటరు తెచ్చింది. బెరెజిన్ మాత్రం కంప్యూటర్ చిప్పులతో ఆ పని చేయించింది. 2018లో, 93 ఏళ్ళ వయసులో చనిపోయింది.

ఇది విముక్తి కథ అనుకుని సంబరపడబోయాను. కాదు. 1970లలో అమెరికన్ కంపెనీలు ఈ యంత్రాలన్నీ ఒక హాల్లో పెట్టి, సెక్రటరీలని అక్కడికి మార్చి, వర్డ్ ప్రాసెసింగ్ కేంద్రాలని పేరు పెట్టాయి. గంటకి ఎన్ని మీటలు నొక్కారో యంత్రమే లెక్కపెట్టి పైవాళ్ళకి చెప్పేది. అంటే మా అక్క అడిగిన మూడో సౌకర్యం లాంటిది ఉంది, కానీ అవతలి వైపుకి తిప్పి! కూలి పెంచుకోవడానికి ఆవిడ అడిగిన లెక్క, అక్కడ వేగం పెంచమని గదమాయించడానికి పనికొచ్చింది. మళ్ళీ కొట్టడం తేలికైంది కాబట్టి ఇంకోసారి మార్చడానికి పైవాడికి సంకోచం ఉండదు. నేను 'మహిళావాదం' మార్చినట్టే. 1973లో బోస్టన్‌లో ఆఫీసు ఉద్యోగినులు 'నైన్ టు ఫైవ్' పేరుతో సంఘం పెట్టుకున్నది ఇలాంటి ఆఫీసుల్లోంచే.

అదే బోస్టన్ పక్కన లెక్సింగ్టన్‌లో జిన్ అనే పాఠ్యపుస్తకాల ప్రచురణ సంస్థ ఉండేది. జిరాక్స్ కంపెనీ దాన్ని కొనుక్కుంది. ఆ ఎడిటర్లకి పనికొచ్చే రాత సాఫ్ట్‌వేర్ కావాలని టిమ్ మాట్, కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనశాలలో పనిచేసే లారీ టెస్లర్‌తో కలిసి 1974-75లో 'జిప్సీ' తయారుచేశాడు. అప్పటికి అక్కడ 'బ్రావో' అని ఒకటి ఉంది. ఇంజనీర్లకి అది గొప్ప. కాని ఆదేశాలు ఇచ్చే స్థితిలో ఉండి, మరిచిపోయి 'ఎడిట్' అన్న ఇంగ్లీషు మాట కొట్టారనుకోండి, మొదటి అక్షరానికి మొత్తం ఎంపిక అవుతుంది, రెండోదానికి అదంతా చెరిగిపోతుంది, మూడోదానికి చేర్చే స్థితి వస్తుంది, చివరికి రాసిందంతా పోయి ఒక్క 'టి' మిగులుతుంది. ఎడిటర్లు ఏం చేస్తారో మాట్ వెళ్ళి చూశాడు. వాళ్ళు కత్తెరతో ముక్క కోసి, ఇంకోచోట జిగురుతో అంటిస్తున్నారు. కట్, పేస్ట్. మన ప్రెస్సుల్లోనూ బ్రోమైడ్లు కోసి అంటించేవారు కదా, అదే పని. అది తెర మీదికొచ్చింది.

టెస్లర్ ఇంకో పని కూడా చేశాడు. పరిశోధనశాలలో కొత్తగా చేరిన, కంప్యూటర్ అలవాటు లేని ఒక సెక్రటరీని ఖాళీ తెర ముందు కూర్చోబెట్టాడు. దిద్దుబాట్ల గుర్తులున్న కాగితం చేతికిచ్చి, ఇవి తెర మీద చేయాలంటే నువ్వెలా చేస్తావని అడిగాడు. ఆమె తడుముకోకుండా చెప్పింది. ఇక్కడ చూపిస్తాను, ఇది తీసేస్తాను, అక్కడ చూపించి కొత్తది కొడతాను అని. ముందు చోటు చూపించడం, తర్వాత పని చెప్పడం. ఇవాళ మనం ఫోన్లో కూడా చేసే పద్ధతి అదే. టెస్లర్ ఈ సంగతి దాచుకోలేదు, తనే చెప్పాడు. కాని 2020 ఫిబ్రవరిలో ఆయన పోయినప్పుడు పత్రికలు కట్-కాపీ-పేస్ట్ సృష్టికర్త అని ఆయన్నొక్కణ్ణే తలుచుకున్నాయి. చెప్పినామె, సెక్రటరీ. నా కృతజ్ఞతల పేజీలో షాపు పేరున్నట్టే.

అయితే ఎవరూ అడగలేదన్నది అబద్ధం. అడగమని కూర్చోబెట్టిన చోట తడుముకోకుండా చెప్పారు. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలో ఉన్న స్త్రీలను కూర్చోబెట్టి అడిగింది. ఆ పుస్తకాన్ని నా గ్రంథంలో ఎన్నోసార్లు ఉటంకించాను. ఉటంకింపులన్నీ ఆవిడే కొట్టింది.

తెలుగు విషయానికొస్తే, యూనికోడ్‌లో 1991లోనే మన అక్షరాలకి చోటు దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉంది. అంటే నేను గ్రంథం సమర్పించేనాటికి, వెతకడం, అకారాదిగా పేర్చడం సాధ్యమయ్యే పద్ధతి వచ్చి పుష్కరం దాటింది. ఆవిడ గదిలోకి మాత్రం రాలేదు. ప్రెస్సువాళ్ళు పాత ఫాంట్లే అడిగేవాళ్ళు, విశ్వవిద్యాలయాలూ అలవాటు మానలేదు. 2008లో దంత్య చ, జ లకి (ౘ, ౙ) యూనికోడ్‌లో విడిగా స్థానం ఇచ్చారు. అలాంటి మార్పు కావాలంటే ఇంగ్లీషులో, పద్ధతి ప్రకారం ప్రతిపాదన పంపాలి, రుజువులు జతచేయాలి, సంఘం ముందు వాదించాలి. అడగడం కూడా ఒక చదువే. ఆ చదువు నాకుంది కాబట్టే ఆవిడ నన్ను ఉత్తరం అడిగింది.

కిందటి ఏడాది ఆవిడ నంబరు సంపాదించి ఫోన్ చేశాను. షాపు ఎప్పుడో మూతపడిందట. ఇంట్లోనే లాప్‌టాప్ మీద యూనికోడ్‌లో కొడుతోంది. నేను ఉత్సాహంగా, ఇప్పుడు వెతికితే దొరుకుతోంది కదక్కా, వరస కూడా అదే పెడుతోంది కదా అన్నాను. అవునంది. దిద్దుబాట్లు చూపించే సౌకర్యం కూడా ఉందని తెలుసట, ఎన్ని చోట్ల దిద్దిందో ఒకసారి కొడుక్కి చెప్పి లెక్క తీయించి, ఒక ప్రొఫెసరు గారికి పంపిందట. ఆయన మళ్ళీ పని ఇవ్వలేదు.

కాసేపాగి అంది. "పాతదాన్ల ఒకటి మంచిగుండె మేడమ్. 'స్త్రీ' అని కొట్టినమనుకో, అండ్ల ఒక్క వత్తు తప్పువడితే, వత్తు పక్కన పెట్టి గదొక్కటే తీసేటోళ్ళం. ఇండ్ల కర్సరు అక్షరం లోపలికి పోనే పోదు. ఎనకనుంచి చెరపాలె, ముందు దీర్ఘం పోతది, తర్వాత వత్తు పోతది, మల్ల దీర్ఘం కొట్టాలె. ముందునుంచి చెరిపితె ఒక్క దెబ్బకు మొత్తం పోతది."

ఫోన్ పెట్టేసి లెక్కపెట్టాను. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఆరు మీటలు. డిలీట్ నొక్కితే ఒక్కటి చాలు. ఆవిడ చెప్పినట్టే ఉంది.

నోటుపుస్తకం ఉందా అని మళ్ళీ ఫోన్ చేసి అడిగాను. ఉందంది. నాలుగో అంకె వేసి ఇది కూడా రాయమన్నాను. "నేను రాసుకున్న మేడమ్. మీరు ఉత్తరం రాసిన్రా?" అంది.