దిద్దుబాటుకు గడువు: తాళపత్రం నుంచి ‘కన్యాశుల్కం’ రెండవ కూర్పు దాకా

ఉపోద్ఘాతం

రచన లోకానికి అందిన తరువాత దానిని మార్చుకునే వీలు రచయితకు ఎంతకాలం ఉంటుంది? తెలుగు సాహిత్య చరిత్రలో ఈ ప్రశ్నను విడిగా చర్చించడం అరుదు. పాఠపరిష్కరణను గురించి మాట్లాడినప్పుడు లేఖకుల పొరపాట్లు, ప్రక్షిప్తాలు, పాఠాంతరాలు ప్రస్తావనకు వస్తాయి. రచయిత తన రచనను తానే తిరగరాసిన సందర్భం మాత్రం ‘పరిణతి’ అన్న ఒక్క మాటతో ముగిసిపోతుంది. అయితే దిద్దుబాటుకు ప్రతి యుగంలోనూ ఏదో ఒక గడువు ఉండేది. ఆ గడువును శాసనమేదీ నిర్ణయించలేదు. రాతకు వాడిన సాధనాలే నిర్ణయించాయి. తాళపత్ర, ముద్రణ దశలలో ఆ గడువు ఎలా మారిందో, ఆ మార్పు ‘కన్యాశుల్కం’ విషయంలో చరిత్ర రచనకు ఎటువంటి చిక్కు తెచ్చిపెట్టిందో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

తాళపత్ర దశ

తాటాకు మీద ఘంటంతో గీసిన అక్షరాన్ని చెరపడానికి వీలు లేదు. గీసిన గాట్లలోకి మసి పట్టించాక అక్షరం మరింత స్థిరపడుతుంది. అందుచేత లేఖకుడు పొరపడితే ఆ అక్షరాన్ని కొట్టివేయాలి. ఏదైనా జారిపోతే హంసపాదు పెట్టి పంక్తి పైనో అంచుననో చేర్చాలి. రెండు పద్ధతులలోనూ తప్పు, ఒప్పు రెండూ ఒకే ఆకు మీద మిగులుతాయి. చదివేవాడికి దిద్దుబాటు జరిగిన సంగతి కంటికి కనిపిస్తుంది.

మరో ప్రతి ఎత్తి రాసేటప్పుడు మాత్రం ఈ ఆనవాలు మాయమవుతుంది. కొత్త ఆకు మీద దిద్దిన పాఠమే శుభ్రంగా చేరుతుంది. అయినా పాత ప్రతి వెంటనే నశించదు. అది మరో ఊళ్లో, మరో ఇంట్లో అటక మీద ఉండవచ్చు. ఒకే కావ్యానికి వేర్వేరు పాఠాలు సమకాలంలో నిలిచి ఉండడానికి ఇదొక ప్రధాన కారణం.

ఈ స్థితిని సి.పి. బ్రౌన్ పనికొచ్చే వనరుగా మలచుకున్నాడు. ఒకే గ్రంథానికి అనేక ప్రతులు తెప్పించి, పండితుల చేత పోల్పించి, భేదాలు గుర్తింపజేయడం ఆయన పద్ధతి. వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో 1829లో ప్రచురించినప్పుడు అందులో 693 పద్యాలున్నాయి. పదేళ్ల తరువాత 1839లో వెలువడిన కూర్పులో ఆ సంఖ్య 1164కు పెరిగింది. వేమన రాయవలసినవన్నీ రాసి ఎంతో కాలమైంది. పెరిగింది పరిష్కర్తకు దొరికిన ఆధారం. కనుక వేమనను గురించి 1829 కూర్పును బట్టి చెప్పిన మాటను 1839 కూర్పుతో తూచడం న్యాయం కాదు. కూర్పు సంవత్సరం పేర్కొనడం సాహిత్య విచారణలో ఎంత అవసరమో ఈ చిన్న ఉదాహరణే చెబుతుంది.

ముద్రణ దశ

అచ్చు వచ్చాక దిద్దుబాటు గడువుకు మూడు మెట్లు ఏర్పడ్డాయి. మొదటిది ప్రూఫు దశ. కంపోజిటరు కూర్చిన అక్షరాలు ఫారంలో బిగించి ఉన్నంతసేపు ఏ మాటనైనా మార్చవచ్చు. ఆ మార్పును పాఠకుడు ఎరగడు. ఫారం అచ్చయిన తరువాత టైపును విడదీసి మళ్లీ గళ్లలో వేసేవారు. సీసపు అక్షరాలు పరిమితంగా ఉండే అచ్చుకూటంలో ఒక పుస్తకం టైపును నెలల తరబడి కదపకుండా ఉంచడం సాధ్యం కాదు. అక్కడితో మొదటి గడువు తీరిపోతుంది.

రెండవది తప్పొప్పుల పట్టిక. అచ్చయిన పుట మారదు. తప్పు ఫలానా పుటలో ఫలానా పంక్తిలో ఉన్నదని, దానికి ఒప్పు ఇదని పుస్తకం చివర ఒప్పుకుంటారు. తాటాకు మీది హంసపాదుకు ముద్రణలో వారసత్వం ఇదే: దిద్దుబాటు జరుగుతుంది, జరిగినట్టు తెలుస్తుంది.

మూడవది రెండవ కూర్పు. ఇక్కడ రచయితకు మళ్లీ సంపూర్ణ స్వేచ్ఛ లభిస్తుంది. అక్షరాలన్నీ ఎలాగూ కొత్తగా కూర్చవలసిందే కాబట్టి ఒక మాట మార్చినా, గ్రంథమంతా మార్చినా అచ్చుకూటానికి పెద్ద తేడా లేదు. అయితే తాళపత్ర దశలో లేని ఒక పరిణామం దీనివల్ల కలిగింది. వందల ప్రతులుగా అచ్చయిన కొత్త పాఠం ఊరూరా ఒకేసారి చేరి పాతదాన్ని వాడుకలోంచి తొలగించగలదు. పాత కూర్పును మళ్లీ అచ్చు వేసే ప్రకాశకుడు ఉండడు. చిరిగిన ప్రతులతోపాటే ఆ పాఠమూ పాఠకుల జ్ఞాపకంలోంచి జారిపోతుంది.

‘కన్యాశుల్కం’: రెండు కూర్పులు

గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటకం 1892లో విజయనగరంలో ప్రదర్శితమైంది. 1897లో అచ్చయి ఆనందగజపతి మహారాజుకు అంకితమైంది. ఆనాటి ఆంగ్ల పీఠికలో గురజాడ, మహారాజు ఆజ్ఞపై సేకరించిన కన్యాశుల్క వివాహాల లెక్కను పేర్కొన్నాడు: మూడేళ్లలో 1034 వివాహాలు. ఒక నిర్దిష్ట కాలంలో, ఒక నిర్దిష్ట ప్రాంతంలోని దురాచారానికి ఎదురు నిలిచిన రచనగానే ఆ పుస్తకం లోకంలోకి వచ్చింది. అంకితం పొందిన మహారాజు అదే సంవత్సరం మరణించాడు.

పన్నెండేళ్ల తరువాత 1909లో రెండవ కూర్పు వెలువడింది. అది తప్పులు దిద్దిన పునర్ముద్రణ కాదు. అయిదు అంకాల నాటకం ఏడు అంకాలకు పెరిగింది. మధురవాణి పాత్ర విస్తరించి నాటకానికి ఇరుసుగా మారింది. నేడు తెలుగువారు చదివేది, ప్రదర్శించేది, ఉదాహరించేది ఈ 1909 పాఠాన్నే. 1915లో గురజాడ మరణించడంతో రచయితగా ఆయనకున్న గడువు శాశ్వతంగా ముగిసింది. ఆయన చివరి మాటగా నిలిచింది రెండవ కూర్పే.

తన నాటకాన్ని తిరగరాసుకునే హక్కు గురజాడకు ఉన్నదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఆ హక్కు నిర్వివాదం. ఆయన దానిని వినియోగించుకోవడం వల్ల తెలుగు నాటకం ఎంతో లాభపడింది కూడా. ప్రశ్న చరిత్రకారుడికి సంబంధించినది. రెండు కూర్పులకూ పేరొకటే, రచయిత ఒకడే, ఇతివృత్తం స్థూలంగా ఒకటే. అందువల్ల ‘1892 నాటి నాటకం’ అనీ ‘1897 నాటి రచన’ అనీ చెబుతూ 1909 నాటి సంభాషణలను ఉదాహరించడం సులువైంది.

ఈ పొరపాటు చిన్నది కాదు. వ్యావహారిక భాషా చరిత్రలో ‘కన్యాశుల్కం’ ఒక మైలురాయి. 1897 పీఠికలోనే గురజాడ వాడుక భాషను సమర్థించాడు. అయితే 1897, 1909 సంవత్సరాల మధ్య కాలంలోనే గిడుగు రామమూర్తి వంటివారి ఆలోచనలతో పాఠ్యగ్రంథాల భాష చర్చకు వచ్చింది. 1910లో గురజాడ కథ ‘దిద్దుబాటు’ వెలువడింది. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఆయన తన అసమ్మతి పత్రం సమర్పించాడు. రెండవ కూర్పులోని భాషను, హాస్యాన్ని, పాత్రచిత్రణను 1890ల ఖాతాలో వేస్తే ఈ మధ్యకాలపు ఎదుగుదల అంతా అదృశ్యమవుతుంది. రచయిత నేర్చుకున్నది పుట్టుకతోనే తెలిసినట్టు కనిపిస్తుంది. అంతేకాక తొలి ప్రదర్శన చూసినవారి, తొలి కూర్పు చదివినవారి అభిప్రాయాలు వారు చూడని పాఠానికి అంటగట్టినట్టవుతుంది. మెచ్చుకున్నా విమర్శించినా వారు మాట్లాడినది తమ చేతిలో ఉన్న నాటకాన్ని గురించి.

ఈ చిక్కును విప్పే ఆధారం 1969లో పాఠకులకు చేరింది. బంగోరెగా ప్రసిద్ధుడైన బండి గోపాలరెడ్డి ‘మొట్టమొదటి కన్యాశుల్కం’ పేరుతో తొలి కూర్పును తిరిగి వెలువరించాడు. ఆ పేరులోని ‘మొట్టమొదటి’ అన్న విశేషణమే ఒక పరిష్కరణ సూత్రం: ఏ పాఠమో తేటతెల్లం చేసిన తరువాతే చర్చకు దిగాలి. రెండవ కూర్పు వెలువడిన అరవై ఏళ్లకు రెండు పాఠాలను పక్కపక్కన పెట్టి చదివే అవకాశం సామాన్య పాఠకుడికి కలిగింది. ఈ బంగోరెయే బ్రౌన్ లేఖల మీద కూడా కృషి చేశాడు. ప్రతులను పోల్చి చూసిన పరిష్కర్త పట్ల, ప్రతి కోసం వెతికిన పరిశోధకుడికి ఆసక్తి కలగడం సహజం.

ముగింపు

పై పరిశీలన వల్ల రెండు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, దిద్దుబాటు గడువు తరిగినప్పటికంటే దిద్దుబాటు ఆనవాలు చెరిగినప్పుడే చరిత్రకు ఎక్కువ నష్టం. తాటాకు రచయితకు స్వేచ్ఛ తక్కువ ఇచ్చింది, సాక్ష్యం ఎక్కువ మిగిల్చింది. రెండవ కూర్పు స్వేచ్ఛ ఎక్కువ ఇచ్చి సాక్ష్యాన్ని మరుగుపరచింది. రెండవది, రచయిత తన రచనను జీవితాంతం మార్చుకోవచ్చు గానీ, దానికి అప్పటికే వచ్చిన స్పందన పాత పాఠానికే చెందుతుంది. స్పందన నిలవాలంటే, అది దేనికి స్పందనో ఆ పాఠమూ నిలవాలి.

ఎలక్ట్రానిక్ పాఠాల కాలంలో ఈ అవసరం మరింత పెరిగింది. అక్కడ కొట్టివేత గీత లేదు, హంసపాదు లేదు, విడదీయవలసిన టైపూ లేదు. పాత పాఠం ఉన్నచోటనే కొత్తది చేరుతుంది. తెలుగు శాఖలలో జరిగే పరిశోధనలో ఆధునిక గ్రంథాన్ని ఉదాహరించేటప్పుడు కూడా ఏ కూర్పు, ఏ సంవత్సరం అన్నది తప్పనిసరిగా పేర్కొనాలి. గురజాడ రచనల విషయంలో ఇది మర్యాద కోసం పాటించే నియమం కాదు. 1897 నాటి గురజాడనూ 1909 నాటి గురజాడనూ వేరుగా గుర్తించడానికి ఉన్న మార్గం.