హీరోకి గొంతు ఎవరివ్వాలి?

2015 జూన్. లాస్ ఏంజెలెస్‌లో బెథెస్డా సంస్థ తన కొత్త వీడియో గేమ్ ‘ఫాల్‌అవుట్ 4’ను ప్రదర్శించింది. 1997లో మొదలైన ఆ సిరీస్ ప్రధాన గేముల్లో అప్పటిదాకా మౌనంగా ఉన్న కథానాయక పాత్ర తొలిసారి గొంతు విప్పింది. మగ పాత్రకు బ్రయాన్ డెలానీ, ఆడ పాత్రకు కోర్ట్నీ టేలర్ గాత్రమిచ్చారు. ఒక్కొక్కరు 13,000కు పైగా డైలాగులు చెప్పారు. రికార్డింగ్ రెండేళ్లకు పైగా సాగింది. అంత కష్టపడి ఇచ్చిన గొంతు చాలామంది పాత అభిమానులకు నచ్చలేదు. ఎందుకో తెలియాలంటే ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1985లో రిచర్డ్ గారియట్ ‘అల్టిమా 4’ను రూపొందించాడు. ఆట మొదట్లోనే ధర్మసంకటాలు ఎదురవుతాయి. నిజాయతీయా, దయా? రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి. ఆ జవాబులను బట్టే పాత్ర తయారవుతుంది. అంటే పరీక్ష ఆడేవాడికే. మరుసటి ఏడాది జపాన్‌లో యూజీ హోరీ ‘డ్రాగన్ క్వెస్ట్’ తెచ్చాడు. హీరోకి పేరు పెట్టేది ఆటగాడే. ఎవరైనా ఏదైనా అడిగితే ‘అవును’, ‘కాదు’ అని ఎంచుకునేదీ అతనే. అప్పటి గేమ్ కార్ట్రిడ్జ్‌లో మాటల రికార్డింగులకు చోటు లేదన్నది నిజమే. కానీ చోటు దొరికాక కూడా హోరీ తన హీరోల మౌనాన్ని వదల్లేదు.

గొంతు వస్తే పేరుకే చిక్కొచ్చింది. 2001లో ‘ఫైనల్ ఫాంటసీ 10’ పాత్రలు మాట్లాడాయి. హీరో పేరును ఆటగాడు మార్చుకోవచ్చు కాబట్టి, ఆ గేమ్‌లో ఎవరూ అతన్ని పేరుపెట్టి పిలవరు.

గొంతు సత్తా చాటింది 2007లో, బయోవేర్ వారి ‘మాస్ ఎఫెక్ట్’తో. కమాండర్ షెపర్డ్‌గా మార్క్ మీర్, జెన్నిఫర్ హేల్ పలికిన మాటలు లక్షల మందిని కట్టిపడేశాయి. షెపర్డ్ ముందే సైనికాధికారి, అంతరిక్షనౌకకు నాయకుడు. మనం మలిచేది అతని స్వభావాన్నే. అందుకే ఆ గొంతు అతికింది.

అదే సంస్థ 2009లో తెచ్చిన ‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’ హీరో మౌని. మనిషిగానో, ఎల్ఫ్‌గానో, మరుగుజ్జుగానో పుట్టొచ్చు. కథ మొదలవడానికి ఆరు దారులున్నాయి. 2011లో రెండో భాగానికి గొంతు వచ్చింది. ఆ ఆరు దారులు పోయి, హాక్ అనే మనిషి ఒక్కడే మిగిలాడు.

‘ఫాల్‌అవుట్ 4’లో నష్టం మరింత స్పష్టం. ప్రతి సంభాషణలో నాలుగే ఎంపికలు, అవీ ఒకటి రెండు మాటల్లో. హీరో నిజంగా ఏమంటాడో నొక్కాకే తెలుస్తుంది. పూర్తి వాక్యం ముందే కనిపించేలా అభిమానులే గేమ్‌ను సవరించే ఒక ‘మోడ్’ తయారుచేసుకున్నారు. పైగా ఈ గేమ్‌లో హీరో కొడుకును వెతికే తల్లి లేదా తండ్రి. ఆ గొంతులో దుఃఖం ముందే నిండి ఉంటుంది. ఇక కిరాయి హంతకుడిగానో, వెర్రిబాగులవాడిగానో ఆడదామంటే ఆ గొంతు ఒప్పుకోదు.

2023లో బెథెస్డా ‘స్టార్‌ఫీల్డ్’ హీరోను మళ్లీ మౌనిని చేసింది. అదే ఏడాది ‘ద గేమ్ అవార్డ్స్’లో ఉత్తమ గేమ్‌గా నిలిచిన ‘బాల్డర్స్ గేట్ 3’లో తోడు పాత్రలన్నీ అద్భుతంగా మాట్లాడతాయి. మనం సృష్టించుకున్న పాత్ర జవాబులు మాత్రం తెరమీద అక్షరాలుగానే ఉంటాయి.

రచయిత ముందే మలిచిన మనిషికి మంచి నటుడి గొంతు ప్రాణం పోస్తుంది. ఆ మనిషిని మలిచే పని ఆటగాడికే అప్పగిస్తే, అతని మాట ఎలా పలకాలో నిర్ణయించే హక్కు కూడా ఆటగాడికే ఇవ్వాలి. హీరో మౌనాన్ని లోపంగా చూసేవాళ్లు ఆ స్వేచ్ఛ విలువను గుర్తించాలి.