కార్ఖానాలో ‘ఖానా’ ఎవరిది?

ఫార్సీలో ‘కార్’ అంటే పని, ‘ఖానా’ అంటే ఇల్లు. రెండూ కలిస్తే కార్ఖానా, పనిల్లు. తెలుగులోకి ఈ లఫ్జ్ ఉన్నదున్నట్టే వచ్చింది. కాకపోతే ఇప్పుడు కార్ఖానా అనగానే మనకు పొగగొట్టం, సైరన్, గేటు దగ్గర వాచ్‌మన్ గుర్తొస్తారు. అందులోని ‘ఇల్లు’ను మర్చిపోయాం. ఇంట్లో ఓ మూల గదినో, కారు షెడ్డునో తక్కువ ఖర్చులో బాగుచేసుకుని పనిముట్లు సర్దుకునేవాళ్లు కూడా దాన్ని వర్క్‌షాప్ అంటారు తప్ప కార్ఖానా అనరు. తారీఖ్ తిరగేస్తే మాత్రం మన దక్కన్‌లో హునర్‌ను బతికించింది అలాంటి గదులేనని తెలుస్తుంది.

మొదట్లో ఈ ‘ఖానా’ బాద్‌షాలది. 14వ శతాబ్దంలో ఢిల్లీని ఏలిన ఫిరోజ్ షా తుగ్లక్‌కు 36 కార్ఖానాలు ఉండేవని ఆ కాలపు చరిత్రకారుడు షమ్స్ సిరాజ్ అఫీఫ్ రాశాడు. అక్బర్ కార్ఖానాల ముచ్చట్లు అబుల్ ఫజల్ ‘ఆయీన్-ఎ-అక్బరీ’లో ఉన్నాయి. ఔరంగజేబు జమానాలో ఇక్కడికొచ్చిన ఫ్రెంచి హకీం బెర్నియర్ ఢిల్లీ కోటలో పెద్ద పెద్ద దాలాన్లు చూశాడు. ఒకదాంట్లో కుట్టుపనివాళ్లు, ఇంకోదాంట్లో కంసాలులు, మరోదాంట్లో చిత్రకారులు. దర్జీలు, చెప్పులు కుట్టేవాళ్లు, వడ్రంగులకూ చోటుంది. పొద్దున వచ్చి సాయంత్రం దాకా పనిచేసి వెళ్లేవాళ్లు.

బెర్నియర్ ఇంకో మాట కూడా అన్నాడు. బాద్‌షా, పెద్ద ఉమరాలు కారీగర్లను తమ దగ్గర పెట్టుకోకపోతే ఈ దేశంలో కళలు ఎప్పుడో చెడిపోయేవని అతని ఖయాల్. బయటి కారీగర్‌కు సరైన కూలీ దొరకదనీ, గట్టిగా అడిగితే కొరడా దెబ్బలు తప్పవనీ రాశాడు. దర్బారు పోతే హునర్ కూడా పోవాలన్నమాట. మరి దర్బార్లు పోయాయి కదా, హునర్ ఏమైంది?

జవాబు కోసం బీదర్ వెళ్దాం. 15వ శతాబ్దంలో బహమనీ సుల్తాన్ అహ్మద్ షా గుల్బర్గా నుంచి రాజధానిని అక్కడికి మార్చాడు. ఇరాన్ వైపు నుంచి వచ్చిన ఉస్తాదులే బీద్రీ పని నేర్పారని అక్కడి రివాయత్. 17వ శతాబ్దం నాటి బీద్రీ హుక్కా పీఠాలు ఇప్పటికీ మ్యూజియంలలో ఉన్నాయి. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకూ ఈ సామాను వెళ్లింది. హైదరాబాద్ డేవిడీల్లో పాన్‌దాన్, సురాహీ, హుక్కా అంటే బీద్రీవే. తర్వాత గడ్డుకాలం వచ్చింది. 1948లో హైదరాబాద్ రియాసత్ భారత్‌లో కలిసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. కొనే నవాబులు తగ్గిపోయారు. 1956లో బీదర్ మైసూరు రాష్ట్రంలోకి వెళ్లింది. అయినా చౌబారా చుట్టుపక్కల గల్లీల్లో సుత్తి చప్పుడు ఆగలేదు. ఆ పని దర్బారులో కాదు, ఇంట్లో పాతుకుని ఉంది కాబట్టి.

ఆ ఇంటి గదిని అమర్చుకునే తీరులోనే అసలు సంగతంతా ఉంది. బీద్రీ లోహంలో 16 పాళ్లు జింకుకు దాదాపు ఒక పాలు రాగి. రాగి కరగాలంటే వెయ్యి డిగ్రీలు దాటాలి, జింకు 420 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. ఎక్కువ భాగం జింకే కాబట్టి చిన్న బొగ్గుల కొలిమి చాలు, పెద్ద భట్టీ అక్కర్లేదు. మట్టిలో ఆముదం, గుగ్గిలం కలిపితే అచ్చు తయారు. పోత పోశాక ఆకురాయితో నున్నగా రుద్ది మైలుతుత్తం నీళ్లు పూస్తారు. ఆ నలుపు మీద గీత తెల్లగా కనబడుతుంది. పలక బదులు బిళ్ల, బలపం బదులు ఉలి. ఆ ఉలిని కారీగర్లు ‘ఖలం’ అనే అంటారు. రాసేవాడికీ చెక్కేవాడికీ మన జబాన్‌లో పనిముట్టు ఒకటే!

చెక్కేటప్పుడు వస్తువు కదలకూడదు. ఇనుప బిగింపులు కొనే స్తోమత ఉండదు. అందుకని రాతి మీద మైనం లాంటి ముద్ద వేసి వస్తువును దానికి అతికిస్తారు. చెక్కిన గాడిలో వెండి తీగ కొడితే తార్‌కషీ, రేకు పొదిగితే తహ్‌నిషాన్. ఆఖరున బీదర్ కోట మట్టిలో నవాసారం, అంటే నౌషాదర్ కలిపి, వేడిచేసిన వస్తువు మీద రుద్దుతారు. లోహం నల్లబడుతుంది, వెండి మెరుస్తుంది. మట్టి మంచిదో కాదో నాలుక మీద వేసుకుని చెప్పే ఉస్తాదులున్నారు. ఖరీదైన సరుకు వెండి ఒక్కటే. మిగతాదంతా మట్టి, నూనె, బొగ్గు, ఓపిక.

సర్దుబాటు కూడా ఈ వరుసనే నడుస్తుంది. మంట పని సహన్‌లో, ఆకాశం కనబడేచోట. జింకు పొగ గదిలో నిలిస్తే పీల్చినవాడికి జ్వరం పట్టుకుంటుంది. చెక్కుడు పని వెలుగొచ్చే గుమ్మం దగ్గర. నేల మీద కూర్చుంటారు కాబట్టి బల్ల ఖర్చు లేదు, పనిముట్లన్నీ చెయ్యి చాచినంత దూరంలోనే. వెండి ముక్క ఒక్కటి పోయినా నష్టమే, అందుకే ఆ పని జరిగేచోటు ఊడ్చి శుభ్రంగా ఉంచాలి. ఇవాళ షెడ్డు బాగుచేసుకునేవాళ్లు మొదట ఏ మిషన్ కొనాలా అని లెక్కలేస్తారు. బీదర్ ఉస్తాదు లెక్క వేరు: పొగ ఎటు పోవాలి, వెలుగు ఎటు రావాలి, పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలి. ఇవి కుదిరాకే కొనుగోలు. తక్కువ ఖర్చులో బర్కత్ అంటే ఇదే.

మన హైదరాబాద్ లాడ్ బజార్ సంగతీ అంతే. మెరిసే దుకాణాల వెనక గల్లీల్లో ఒక కుంపటి, కాస్త లక్క, డబ్బాలో రాళ్లు. లక్కను వేడిచేసి, సాగదీసి, గుండ్రంగా చుట్టి గాజు చేస్తారు. రాళ్లు పొదిగేది ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లు. వంటయ్యాక అదే గది కార్ఖానా అవుతుంది, పిల్లలు బడి నుంచి వచ్చేసరికి మళ్లీ ఇల్లవుతుంది. దీనికి ఖర్చు తక్కువే. కానీ అమ్మ నడుం, కళ్లు కూడా ఆ ఖర్చులో భాగమని ఎవరూ హిసాబ్‌లో రాయరు.

హైదరాబాద్ విలీనమైన 1948లోనే ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. కరెంటుతో నడిస్తే 10 మంది, కరెంటు లేకపోతే 20 మంది పనివాళ్లుంటేనే ఫ్యాక్టరీ అంది. 2020 నాటి కొత్త కోడ్ ఆ సంఖ్యలను 20, 40కి పెంచింది. అబ్బాజాన్, ఇద్దరు కొడుకులు, ఓ శాగిర్ద్ ఉన్న గది ఏ లెక్కలోకీ రాదు. చట్టం దృష్టిలో అది ఇల్లు మాత్రమే, అక్కడ పొగ ఎటు పోతోందో చూసే ఇన్‌స్పెక్టర్ రాడు. బీద్రీకి 2006లో జీఐ గుర్తింపు వచ్చింది. 2023లో ఉస్తాద్ షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి పద్మశ్రీ ఇచ్చారు. ఖుషీ సంగతే. వస్తువుకు ఇజ్జత్ దొరికింది, ఉస్తాదుకూ దొరికింది. అది పుట్టిన గదికి మాత్రం ఇంకా దొరకలేదు.

బెర్నియర్ సగం తప్పు, సగం ఒప్పు. దర్బారు పోయినా కళ పోలేదు, ఎందుకంటే ఇల్లు దాన్ని అమానత్‌లా దాచింది. కారీగర్‌కు సరైన కూలీ అందదన్న మాట మాత్రం ఇప్పటికీ చాలా గల్లీల్లో నిజమే. ఇక ఈ గదుల్ని బాగుచేసే వంతు మనది. పొగ పోయే దారి, కళ్లు పాడుకాని దీపం, పనికి తగ్గ కూలీ. కార్ఖానాలో ‘కార్’ను మెచ్చుకునేవాళ్లకు ‘ఖానా’ బాగోగులు కూడా పట్టాలి.