వీరగల్లు నుంచి అమరధామం దాకా

పరకాల తెలంగాణలోని ఒక పట్నం. తుపాకులు ఎక్కుపెట్టిన బొమ్మలున్న అమరధామం అక్కడే ఉంది. 1947 సెప్టెంబర్ 2న, దేశానికి స్వాతంత్ర్యం వచ్చి మూడు వారాలైనా నిండకముందే, జాతీయ జెండా ఎగరేద్దామని చుట్టుపక్కల ఊళ్ల జనం పరకాలకు కదిలి వచ్చారు. హైదరాబాద్ సంస్థానం అప్పటికింకా దేశంలో కలవలేదు. నిజాం పోలీసులు, రజాకార్లు వాళ్ల మీద కాల్పులు జరిపారు. 22 మంది ప్రాణాలు పోయాయి, నూటికి పైగా గాయపడ్డారు. దక్షిణాది జలియన్‌వాలాబాగ్ అంటారు దీన్ని. నాకా పోలిక అంతగా రుచించదు, పరకాలకు పరకాల పేరే చాలు.

పోయినవాళ్లకు రాయి నిలపడం ఈ నేలకు పాత అలవాటే. కాకతీయుల నాటి వీరగల్లులు ఊరి పొలిమేరల్లో, గుడి ముంగిళ్లలో ఇప్పటికీ కనిపిస్తాయి. వీరుడి చేతిలో కత్తో బల్లెమో ఉంటుంది. పశువుల మంద కోసమో ఊరి కోసమో పోరాడి పడిపోయినవాడు. పై వరసలో అప్సరసలు అతణ్ని స్వర్గానికి తీసుకుపోతుంటారు, సూర్యచంద్రులు సాక్షి. ఆయుధం పట్టకుండా చచ్చినవాడికి ఆ రాళ్లలో చోటు అరుదు.

ఆ చోటు స్తూపం ఇచ్చింది. 1946 జూలై 4న జనగామ ప్రాంతపు కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. తెలంగాణ సాయుధ పోరాటపు తొలి అమరుడిగా ఆయన్ను తలుచుకుంటారు, ఊళ్లో స్తూపమూ ఉంది. ఇలాంటివాటికి శిల్పి అక్కర్లేదు. మేస్త్రీ, సిమెంటు, ఎర్ర రంగు ఉంటే చాలు. అయినా ఓర్వలేనివాళ్లుంటారు. 1981 ఏప్రిల్ 20 నాటి ఇంద్రవెల్లి పోలీసు కాల్పుల్లో చనిపోయిన ఆదివాసీలకు 1983లో కట్టిన స్తూపాన్ని 1986లో గుర్తుతెలియనివాళ్లు పేల్చేశారు. మరుసటి ఏడు మళ్లీ కట్టారు.

హైదరాబాద్ గన్‌పార్కుది మాత్రం అచ్చంగా శిల్పి పని. 1969 తెలంగాణ ఉద్యమ అమరుల కోసం ఎక్కా యాదగిరిరావు రూపమిచ్చిన ఆ స్తూపానికి 1970లో శంకుస్థాపన జరిగితే 1975కు గాని పూర్తి కాలేదు. అందులో మనిషి బొమ్మ లేదు. కొసన తెల్లని పువ్వు.

పరకాల దారి వేరు. కాల్పులు జరిగిన 56 ఏళ్లకు, 2003లో, రాజకీయ నాయకుడు చెన్నమనేని విద్యాసాగర్‌రావు తన తల్లి చంద్రమ్మ స్మారకంగా కట్టించిన ఈ ధామంలో ఆనాటి ఘటనంతా బొమ్మలై నిలబడింది. జెండా పట్టిన జనమూ ఉన్నారు, కాల్చేవాళ్లూ ఉన్నారు. చంపినవాడికి కూడా బొమ్మ పెట్టాలా అని అడగొచ్చు. పెట్టాలనే అంటాను. వీరగల్లులో శత్రువు ఉండేది వీరుడి బలం తెలియడానికి. ఇక్కడ ఆ తుపాకీని చూశాకే, ఎదుటివాళ్ల చేతుల్లో జెండా తప్ప మరేమీ లేదన్న సంగతి మనకు తెలిసొస్తుంది.