పోలీసు చర్య అనే మాట

శ్రీశైలం నీళ్లలో మునిగిపోతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపూరు తెచ్చి మళ్లీ కట్టారు. ఏ రాయి ఎక్కడిదో లెక్క తప్పలేదు. మంచిపనే. నవబ్రహ్మ గుళ్లూ, వాటి పక్కన షా అలీ పహిల్వాన్ దర్గా మా ఊరి ఆస్తులే. కానీ 1948 సెప్టెంబర్‌లో, ఆ తర్వాతి వారాల్లో హైదరాబాద్ రాజ్యంలో చచ్చిన మా మనుషుల లెక్క అడిగితే సర్కారు నోరు పెగలదు.

అప్పట్లో ఆలంపూరు రాయచూరు జిల్లాలో తాలూకా. మహబూబ్‌నగర్‌లో కలిసింది 1956లో. తుంగభద్రకు ఆవలి గట్టున కర్నూలు, యూనియన్ నేల. ఈవలి గట్టున నిజాం రాజ్యం. సెప్టెంబర్ 13న యూనియన్ సైన్యం ట్యాంకులతో, విమానాలతో రాజ్యంలోకి దిగింది. 17న నిజాం లొంగిపోయాడు. సైన్యం తన కాగితాల్లో రాసుకున్న పేరు ఆపరేషన్ పోలో. జనానికి చెప్పిన పేరు పోలీసు చర్య. ట్యాంకులు నడిపే పోలీసులను ఎవరు చూశారు? హైదరాబాద్ తగాదా అప్పటికే భద్రతా మండలికి చేరింది. ఇది ఇంటి విషయమని ప్రపంచానికి చెప్పాలంటే అది యుద్ధం కాకూడదు. యుద్ధమే కానప్పుడు యుద్ధనేరాలెక్కడివి?

హత్యల వార్తలు ఢిల్లీకి చేరాక నెహ్రూ ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలను పంపింది. వాళ్లు నవంబర్ 29 నుంచి డిసెంబర్ 21 దాకా తిరిగారు. తక్కువలో తక్కువ వేసుకున్నా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని రాశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్‌లలో ఘోరం ఎక్కువ. నల్లగొండ, మెదక్ కూడా ఎక్కువ నష్టపోయిన ఎనిమిది జిల్లాల్లో ఉన్నాయి. కొన్నిచోట్ల సైనికులే మగవాళ్లను బయటికి లాగి చంపారని, లూటీకి గుంపులను ఉసిగొల్పారని అందులో ఉంది. శవాలు నిండిన బావుల సంగతీ ఉంది.

పటేల్ దాన్ని ఒప్పుకోలేదు. రజాకార్ల దౌర్జన్యాలు వదిలేసి ఒకవైపే రాశారన్నాడు. అసలు అలాంటి బృందాన్ని ప్రభుత్వం పంపనేలేదన్నట్టు మాట్లాడాడు. భారత ప్రభుత్వం వెళ్లమంటేనే వెళ్లామన్న మాటతోనే ఆ నివేదిక మొదలవుతుంది! నెహ్రూ? అంతా తెలిసిన నెహ్రూ కూడా దాన్ని అచ్చువేయించలేదు. సెక్యులర్ మిత్రులకు ఈ ముక్క మింగుడుపడదు. పటేల్‌ను తిట్టడం వాళ్లకు తేలిక. 2013 నాటికి గానీ అది మామూలు పాఠకుడికి అందలేదు. అరవై అయిదేళ్లు!

రజాకార్ల దుర్మార్గాన్ని మేం దాచం. బైరాన్‌పల్లి నెత్తురు మాకు తెలుసు. ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను నడివీధిలో చంపింది వాళ్లే, ఆయన ముసల్మానే. కాసిం రజ్వీ జైలుకెళ్లాడు, విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. ఎక్కడికీ పోలేని కూలోడు, దూదేకులోడు, టాంగావాలా రజ్వీ పేరుమీద చచ్చాడు. బతికినోళ్ల బిడ్డలు బడిలో ఇప్పటికీ రజాకారు అనిపించుకుంటున్నారు.

2012లో జపాన్‌లో నగోయా మేయరు కవామురా నాన్‌జింగ్ ఊచకోత జరగనేలేదన్నాడు. నాన్‌జింగ్ నగరం నగోయాతో సంబంధాలు నిలిపేసింది. అక్కడ కాదన్నవాడికి ఎదురుచెప్పడానికి ఒక నగరం, దాని వెనక ఒక దేశం ఉన్నాయి. ఇక్కడ కాదని చెప్పే పనే పడలేదు. అడిగేవాడే లేడు. 2022 నుంచి సెప్టెంబర్ 17 కేంద్రానికి విమోచన దినం. రాష్ట్రానికి మొదట సమైక్యతా దినం, 2024లో ప్రజాపాలన దినం. పేరు మీద కొట్లాట, జెండా మీద కొట్లాట. చచ్చినోళ్ల ఊసు ఏ పార్టీ వేదిక మీదా మాకు వినపడలేదు.

ఆ నివేదికలో ఇంకో సంగతి ఉంది. కొన్నిచోట్ల హిందూ నేతపనివాళ్లు తోటి ముస్లిం నేతపనివాళ్లకు అడ్డం నిలబడ్డారు. కాపాడబోయి కొందరు తామూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. నివేదికను బీరువాలో పెట్టి తాళం వేసినవాళ్లు మావాళ్ల చావులతోపాటు ఆ నేతపనివాళ్లనూ అందులోనే పెట్టేశారు.